కృష్ణారెడ్డి ముద్రణచిత్రములు: శాస్త్రకళల సమన్వయము

కళను గూర్చి మాటలాడునపుడు మన విమర్శలో ఒక విచిత్రమైన అలవాటు కానవచ్చుచున్నది. పద్యమును పరిశీలించునపుడు మనము గణములను, యతిని, ప్రాసను, సమాసముల కూర్పును తరచి చూతుము. వృత్తము మాఱినచో భావపు నడక మాఱునని ఎఱుగుదుము. చిత్రము ఎదుటికి వచ్చినంతనే ఈ వివేకమంతయు ఒక మూలకు ఒదిగిపోవును. వస్తువేమి, పోలిక కుదిరినదా, వర్ణములు ఇంపుగా ఉన్నవా అను మూడు ప్రశ్నలతో మన పరిశీలనము ముగియును. ఆ చిత్రము దేనిపై, దేనితో, ఏ క్రమమున చేయబడినదని అడుగుట పనివాని విషయమనియు, విమర్శకునకు తగదనియు తలంతుము. ఈ అలవాటువలన మనకు కలుగుచున్న నష్టమును ఒక ఉదాహరణముతో చూపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఆ ఉదాహరణము కీర్తిశేషులు శ్రీ కృష్ణారెడ్డిగారి ముద్రణచిత్రములు.

కృష్ణారెడ్డిగారు 1925 జూలై 15న చిత్తూరు జిల్లాలోని నందనూరు గ్రామమున జన్మించిరి. రిషివ్యాలీ పాఠశాలలో చదివి, 1940 దశకపు తొలినాళ్లలో శాంతినికేతనమునకు పోయి, కళాభవనమున నందలాల్ బోసుగారి యొద్ద శిక్షణము పొందిరి. 1947 మొదలు 1949 వఱకు మద్రాసు కళాక్షేత్రమున చిత్రకళాశాఖకు ఆధిపత్యము వహించిరి. పిదప లండనులోని స్లేడ్ విద్యాలయమున హెన్రీ మూర్ వద్దను, పారిస్‌లో జాడ్కిన్ వద్దను, మిలాన్‌లో మరీనో మరీని వద్దను అభ్యసించిరి. ఈ మువ్వురును శిల్పులే యను విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు. పారిస్‌లో విలియం హేటర్ నడుపుచుండిన 'అట్లియే 17' అను ముద్రణశాలలో చేరి, 1960 దశకమున ఆ శాలకు సహసంచాలకులైరి. 1970 దశకపు ఉత్తరార్ధమున న్యూయార్కునకు తరలి, అచటి విశ్వవిద్యాలయమున ముద్రణకళను దీర్ఘకాలము బోధించిరి. 1972లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. 2018 ఆగస్టు 22న న్యూయార్కులో దివంగతులైరి.

ఈ చరిత్రను విన్న తెలుగువాడు సహజముగనే గర్వించును. 'మనవాడు విదేశములందు కీర్తి గాంచెను' అనును. గర్వించుట తప్పు గాదు. కాని అది విమర్శ గాదు. కృష్ణారెడ్డిగారి చిత్రమును చదువనేరక ఆయన పేరును మాత్రము చదువుట మనకు గాని, ఆయనకు గాని గౌరవము కాజాలదు.

ఈ విషయమును మేము తరగతిలోనే తెలిసికొంటిమి. మేము భైంసాలో తెలుగు బోధించువారము. ఈ పట్టణము పత్తి వర్తకమునకు పేరొందినది. శీతకాలమున జిన్నింగు మిల్లుల ముందు పత్తిబండ్లు బారులు తీరును. ఇచటి విద్యార్థులలో ఒక నమ్మకము బలముగా నాటుకొనియున్నది. లెక్కలు, రసాయనశాస్త్రము వచ్చినవాడు ఒక దారిని పోవలెననియు, రానివాడు తెలుగునకు రావలెననియు వారి భావము. ఇంటర్మీడియెటు నాటికే బుద్ధిని రెండుగా చీల్చి, ఒక భాగమునకు శాస్త్రమని, మఱియొక భాగమునకు కళయని పేరు పెట్టుచున్నాము. ఒకనాడు తరగతి గోడపై కృష్ణారెడ్డిగారి 'సుడిగుండము' అను చిత్రపు ప్రతిబింబమును వేసి చూపితిమి. ఒక్కటే రేకుమీద ఇన్ని రంగులు ఒకదానితో నొకటి కలిసిపోక ఎట్లు నిలిచినవో చెప్పుడని అడిగితిమి. కొంతసేపు ఎవరును పలుకలేదు. లెక్కలు రాక తెలుగునకు వచ్చితినని తన్ను తానే చెప్పుకొనుచుండు ఒక విద్యార్థి చివరి బల్లనుండి లేచి, "గిన్నెకు నూనె రాస్తే పిండి అంటదు గదా సార్, గిట్ల గదే అనుకుంట" అనెను. ఆతడు ఒక్క మాటతో ఆ చిత్రకారుని కనుగొలుపు ముంగిటికి చేరెను. ఆ మాటను విస్తరించి చెప్పుటయే మా పని.

ముద్రణచిత్రములలో పలు జాతులు కలవు. ఇచట ప్రస్తుతమైనది ఇంటాగ్లియో అనబడు పద్ధతి. రాగి రేకునో జింకు రేకునో తీసికొని, ఉలితో గీతలు చెక్కుదురు. లేదా ఆమ్లముచేత తినిపింతురు. పల్లములలో సిరా నించి, పైభాగమును గుడ్డతో తుడిచి, తడిపిన కాగితమును కప్పి, ఇనుప యంత్రపు రోలరుల నడుమ గట్టిగా అదుముదురు. పల్లములందలి సిరాను కాగితము పైకి లాగుకొనును. ఇందులకు వాడు మేలురకపు కాగితము తఱచుగా పత్తిపీచుతో చేయబడును. మా ఊరి బండ్లమీది సరకు ఏ రూపమున ఏ కళను చేరునో ఎవరు చెప్పగలరు!

ఇట్లు ఒక రంగుతో అచ్చు వేయుట శతాబ్దముల నాటి విద్య. చిక్కు అంతయు పలురంగులతో వచ్చును. పదునెనిమిదవ శతాబ్దపు తొలిపాదమున లె బ్లాన్ అను చిత్రకారుడు నీలము, పసుపు, ఎఱుపు అను మూడు వర్ణములకు మూడు రేకులు వేఱువేఱుగ చేసి, ఒకదానిపై నొకటి అచ్చొత్తి, పలువర్ణముల చిత్రమును సాధించెను. జపాను దారుముద్రణమందును వర్ణమున కొక దిమ్మె చొప్పున చెక్కెడి ఆచారము కలదు. ఈ పద్ధతులన్నిటను చిత్రము మొదట ముక్కలగును. తరువాత ముక్కలు సరిగా ఒకదానిపై నొకటి కూర్చుండవలెను. వెంట్రుకవాసి జరిగినను చిత్రము చెడును. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. రంగు రేఖతో కూడ పుట్టదు. రేఖ ముగిసిన పిదప పైనుండి వచ్చి చేరును.

1950 దశకమున అట్లియే 17లో కృష్ణారెడ్డిగారును, బొంబాయివారైన కైకో మోతీగారును ఈ చిక్కునకు క్రొత్త పరిష్కారమును కనుగొనిరి. దానికి ఆధారము సిరా యొక్క స్నిగ్ధత. పద్ధతి యిట్లుండును. రేకును ఒకే లోతుగ గాక, పలు అంతస్తులుగా చెక్కుదురు. కొండశిఖరములు, మెట్టలు, లోయలు గల నేలను ఊహించుకొనుడు. మొదట లోయలలో, అనగా లోతైన గీతలలో, ఒక సిరాను నించి పైభాగమును తుడుతురు. పిమ్మట అవిసెనూనె ఎక్కువగా కలిపి పలుచగా చేసిన రెండవ సిరాను గట్టి రోలరుతో తేలికగా దొర్లింతురు. గట్టి రోలరు వంగదు గనుక అది శిఖరములను మాత్రమే తాకును. ఆపైన నూనె తక్కువగా నున్న చిక్కని మూడవ సిరాను మెత్తని రోలరుతో ఒత్తి దొర్లింతురు. మెత్తని రోలరు వంగి మెట్టలలోనికి దిగును. అది శిఖరములమీదుగా పోవునపుడు అచట ముందే యున్న నూనె సిరా ఈ చిక్కని సిరాను పట్టనీయదు. నూనె వ్రాసిన గిన్నెకు పిండి అంటకుండుట ఇదియే. ఇట్లు మూడు వర్ణములును ఒకే రేకుమీద తమతమ చోట్ల నిలుచును. కాగితమును ఒక్కసారి అదిమినచో చిత్రమంతయు ఒక్క క్షణమున జన్మించును.

క్రమము మాఱినచో ఫలము మాఱును. చిక్కని సిరా ముందు వేసి, పలుచని సిరా తరువాత వేసినచో పలుచనిది చిక్కనిదానిపై అంటుకొని రెండును కలిసిపోవును. కావున ఇందు క్రమము అలంకారము గాదు, అర్థమునకే ఆధారము. 'రాముడు రావణుని చంపెను' అను వాక్యమున విభక్తులను తాఱుమాఱు చేసినచో కథ తలక్రిందులగునట్లే యిదియును. స్నిగ్ధత కృష్ణారెడ్డిగారి చిత్రములకు వ్యాకరణమని మేము చెప్పుట ఈ యర్థముననే.

'స్నిగ్ధత' అను మాటను మన భౌతికశాస్త్ర గ్రంథములు ద్రవము ప్రవహించుటకు చూపు ప్రతిఘటనకు పేరుగా వాడుచున్నవి. ద్రవమందలి పొరలు ఒకదానిపై నొకటి జారునపుడు కలుగు ఒరపిడి యిది. 1687లో ప్రకటితమైన తన గ్రంథమున న్యూటను దీనిని గూర్చి ఆలోచించెను. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ప్వాజేయ్ అను ఫ్రెంచి వైద్యుడు సన్నని గొట్టములలో ద్రవముల నడకను కొలిచెను. స్నిగ్ధతకు కొలమానమైన 'పాయిజ్' ఆయన పేరున ఏర్పడినదే. ఆముదము నీటికంటె కొన్ని వందల రెట్లు స్నిగ్ధమైనది. ఈ సంగతిని మన ఇండ్లలో కొలతలు లేకయే ఎఱుగుదురు.

ఈ మాట వెనుక మన తర్కశాస్త్రపు నీడయు కలదు. తెలుగువాడని ప్రసిద్ధినందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఇరువదినాలుగు గుణములను లెక్కించుచు, ప్రవహించుటకు హేతువైన ద్రవత్వమును, పిండిని ముద్దగా కూర్చునట్టి స్నేహమును వేఱువేఱు గుణములుగా చెప్పెను. ప్రాచీనులు ఆధునిక భౌతికశాస్త్రమును ముందే ఎఱుగుదురని మేము చెప్పుట లేదు. ఆ స్నేహమును ఈ స్నిగ్ధతయు ఒకటి కావు. మేము చెప్పునది యింతే: పదార్థపు నడవడిని సూక్ష్మముగా విభజించి పేర్లు పెట్టెడి శక్తి మన భాషకు క్రొత్తది గాదు. చిత్రవిమర్శకు మాత్రము ఆ శక్తిని మనము వినియోగింపలేదు.

ఇట్టి పరిశోధనము అట్లియే 17లో పుట్టుట యాదృచ్ఛికము గాదు. దానిని 1927లో స్థాపించిన హేటర్ లండనులో రసాయన, భూగర్భశాస్త్రములను చదివి, అబాదానులో చమురు కంపెనీయందు పనిచేసి, పిదప చిత్రకారుడైనవాడు. పారిస్‌లోని ఒక వీథిలో ఇంటి సంఖ్య పదునేడు కావుటచేత ఆ శాలకు ఆ పేరు వచ్చెను. పికాసో, మిరో, జాకొమెట్టి వంటివారు అచట పనిచేసిరి. అది గురువు చెప్పగా శిష్యులు చేయు బడి గాదు. పలువురు కలిసి పరీక్షలు జరుపు ప్రయోగశాల. అందుచేత ఈ పద్ధతిని ఒక్కరి సొత్తుగా చెప్పుట ఆ శాల స్వభావమునకే విరుద్ధము. కృష్ణారెడ్డిగారి విశిష్టత పద్ధతిని కనుగొనుటలో పాలుపంచుకొనుటయందు మాత్రమే గాక, దానిని జీవితాంతము ఒక భాషగా మాటలాడుటయందు కలదు. 1988లో ప్రకటితమైన ఆయన ఆంగ్లగ్రంథపు పేరులోనే పదార్థములకును, ప్రక్రియలకును గల ప్రాముఖ్యము అను మాటలు చేరియున్నవి. పదార్థము ఆయనకు భావమును మోయు బండి గాదు. భావమున కది సహకర్త.

ఇచట కళాచరిత్రను కొంత స్మరింపవలసియున్నది. రేకుపై ఉలితో చెక్కు విద్య ఐరోపాలో స్వర్ణకారుల పనినుండి వచ్చినది. డ్యూరర్ తండ్రి న్యూరెంబర్గున స్వర్ణకారుడు, డ్యూరర్ కూడ మొదట ఆ పని నేర్చినవాడే. పదునెనిమిదవ శతాబ్దాంతమున సెనెఫెల్డరు శిలాముద్రణమును కనుగొనెను. నూనె, నీరు ఒకదాని నొకటి నిరాకరించుట ఆ పద్ధతికి మూలము. కృష్ణారెడ్డి, మోతీగారల పద్ధతి దీనిని ఒక మెట్టు ముందునకు నడిపినది: ఇందు నీటితో పని లేదు, నూనె సిరాకు నూనె సిరాయే దూరము పాటించును. భేదము జాతిలో గాక పాలులో కలదు. మఱియొక వంశక్రమమును చూడుడు. షెవ్రల్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు తొలుత కొవ్వులను, నూనెలను పరిశోధించి పేరొందెను. పిమ్మట గోబెలిన్ నేతశాలలో అద్దకపు పనికి అధికారియై, ప్రక్కప్రక్కనున్న రంగులు పరస్పరము ఎట్లు మార్చుకొనునో వివరించుచు 1839లో గ్రంథమును వెలువరించెను. సోరా మొదలగు చిత్రకారులు ఆ సిద్ధాంతమును చదివి, రంగులను పళ్లెరమున కలుపక, చుక్కలుగా ప్రక్కప్రక్కన పెట్టి, చూపరి కంటిలోనే అవి కలియునట్లు చేసిరి. నూనెల శాస్త్రమును, వర్ణముల శాస్త్రమును షెవ్రల్ జీవితమున రెండు అధ్యాయములు. కృష్ణారెడ్డిగారి రేకుమీద అవి ఒకే వాక్యమైనవి. సోరా ఓపికగా చేతితో ఒక్కొక్కటిగ పెట్టిన చుక్కలు ఇచట సిరాల పరస్పర నిరాకరణముచేత తామే ఏర్పడుచున్నవి.

యంత్రసాధనములను గూర్చియు ఒక మాట చెప్పవలెను. కృష్ణారెడ్డిగారు రేకును చేతి ఉలులతోను, విద్యుత్తుతో తిరుగు ఉలులతోను చెక్కిరి. ఆయన రేకులను చిత్రపు నకలునకు అచ్చులుగా గాక, పల్లపుమిట్టలు గల శిల్పములుగా చూడవలెను. మూర్, జాడ్కిన్, మరీనీలవద్ద నేర్చిన శిల్పవిద్య ఇచట ఫలించినది. చిత్రకారుడు రేకుపై లోతును భ్రమగా చూపును; శిల్పి లోతునే త్రవ్వును. ఈయన త్రవ్విన లోతే రంగుగా మాఱినది. రేకున ఏ అంతస్తో అదియే కాగితమున ఏ వర్ణమో యగును. రూపమును వర్ణమును వేఱువేఱు అధ్యాయములుగా విభజించు మన విమర్శకు ఇచట నిలుచుటకు చోటు లేదు.

ఇక చిత్రములనే చూతము. 1963 నాటి 'సుడిగుండము'న నీటి వర్ణన లేదు. ఒడ్డు లేదు, పడవ లేదు, మునుగుచున్న మనిషి లేడు. ఉన్నదెల్లయు వలవలె అల్లుకొని తిరుగు రేఖలు, వాని నడుమ చిన్నచిన్న కణములుగా చెదరిన వర్ణములు. చూచుకొలది అది నీటి సుడియో, నక్షత్రమండలమో చెప్పరాని స్థితి కలుగును. దీనిని 'నైరూప్యచిత్రము' అని ఒక్క మాటతో త్రోసివేయుట సులభము. కాని ప్రక్రియను ఎఱిగిన కన్ను మఱియొకటి చూచును. ప్రవాహమును చిత్రించుటకు ప్రవాహగుణమునే సాధనముగా వాడిన చిత్రమిది. సుడియందు నీటి పొరలు ఒకదానిపై నొకటి జారుచు, ఒరయుచు తిరుగును; రేకుమీద సిరాపొరలు అట్టి గుణముచేతనే తమ చోట్లను వెదకికొనినవి. వస్తువు, విధానము రెండును ఒకే ప్రకృతిధర్మమునకు లోబడినవి. మన ఆలంకారికులు శబ్దార్థముల సాహిత్యమని దేనిని చెప్పిరో, అది చిత్రమునందు ఎట్లుండునని ఎవరైన అడిగినచో మేము దీనినే చూపుదుము.

1968 నాటి 'ప్రదర్శనకారులు' వేఱొక పరీక్ష. ఆ సంవత్సరము మే మాసమున పారిస్ నగరమున విద్యార్థులు వీథులకెక్కిరి. ఆ కదలికనుండి ఈ చిత్రము పుట్టినది. శాంతినికేతనమున విద్యార్థిగా నున్నపుడే 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమును, 1943 నాటి వంగదేశపు కరవును చూచినవారికి ఈ దృశ్యము పరాయిది గాదు. ఇచట సుడి లేదు. నిలువుగా నిలిచిన మానవాకృతులు కలవు. ముఖములు పోల్చదగినవి గావు, నినాదము లేదు. ఒకే రేకుపై ఒకే అదుముతో పుట్టిన యీ యాకృతులలో వర్ణములు ఒకదానిలో నొకటి కరగిపోలేదు. దీనిని చూచి 'భిన్నత్వమున ఏకత్వము' అను తేలిక వ్యాఖ్యానము చేయుటకు పలువురు త్వరపడుదురు. మేము అంగీకరింపము. ప్రక్రియ చెప్పునది అది గాదు. ఈ రంగులు ప్రేమతో ప్రక్కప్రక్కన నిలువలేదు. ఒకటి మఱియొకదానిని అంటనీయనందున నిలిచినవి. నిరాకరణమే యిచట రూపమునకు హేతువు. నిరాకరించుటకై వీథికి వచ్చిన జనమును చిత్రించుటకు నిరాకరణముపై నిలిచిన పద్ధతికంటె తగినది ఏది? కళాకారుడు దీనిని బుద్ధిపూర్వకముగా తలంచెనని మేము వాదింపము. పద్యమున యతి కుదిరిన చోట అర్థమును బలపడినచో, కవి లెక్కించి చేసెనా యని మనము అడుగము, కుదిరినదని గుర్తింతుము.

1981 నాటి 'మహావిదూషకుడు' ప్రసిద్ధమైన చిత్రము. సర్కసు బరిలోని విదూషకుడు నడుమ నుండగా, వలయములును కిరణములును ఆతనినుండి బయటికి వ్యాపించుచున్నవి. మనిషి ఎచట ముగియునో, బరి ఎచట మొదలగునో తెలియదు. ఈ రేకునుండియే వేఱువేఱు వర్ణక్రమములతో పలు రూపములు అచ్చొత్తబడినవి. ఇచటనే మాకు కొంత సందేహము కలుగుచున్నది. మన కావ్యచరిత్రలో బంధకవిత్వము కలదు. చక్రబంధమునందు అక్షరముల చోట్లు ముందు నిర్ణయింపబడును, అర్థము తరువాత వచ్చి వానియందు ఇమిడికొనును. అది పాండిత్యమునకు నిదర్శనమే గాని, రసమునకు గాదు. సుడిగుండమునందును, విదూషకునియందును మరల మరల కనిపించు ఈ చక్రరచన ఒక్కొక్కపుడు దృశ్యమునుండి పుట్టినట్లుగాక, చేతికి అలవడిన చోటునుండి పుట్టినట్లు తోచును. వర్ణక్రమములను మార్చి వేసిన ప్రతులలో కొన్ని క్రొత్త అనుభవములు; కొన్ని కేవలము ప్రయోగములు. ప్రక్రియను మెచ్చుకొను విమర్శ ఈ భేదమును చెప్పక తప్పదు. లేనిచో ప్రక్రియాజ్ఞానము మఱియొక స్తోత్రమగును.

అయినను ఈ దోషమునుండియే విదూషకుడు తప్పించుకొనుచున్నాడు. ఏలయనగా సర్కసు విదూషకుని జీవితమే తన్ను తాను చెదరగొట్టుకొని చూపరులకు పంచుట. ఆతడు వలయముగా మాఱుట ఆతని కర్మయే. ప్రక్రియ వస్తువును వెదకికొనిన చోట చిత్రము బ్రతికినది. వెదకికొనని చోట నైపుణ్యము మాత్రము మిగిలినది. ఈ కొలతను మేము వెలుపలినుండి తేలేదు, చిత్రములే ఇచ్చినవి.

ఈ పద్ధతిని ఆయనవద్ద నేర్చిన శిష్యులు, చూచి అనుసరించినవారు అనేక దేశములందు కలరు. 2016లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ సంగ్రహాలయము హేటరును, కృష్ణారెడ్డిగారిని, మన దేశమున పుట్టి అట్లియే 17లో నేర్చిన జరీనాగారిని కలిపి ఒక ప్రదర్శనమును ఏర్పాటు చేసెను. ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. జరీనాగారు ఆ శాలలో నేర్చియు, ఎక్కువగా నలుపుతెలుపుల, కొలది రేఖల దారిని పట్టిరి. మంచి ప్రక్రియ శిష్యునకు రూపమును అప్పగింపదు. పదార్థమును అడుగుటకు ధైర్యము నిచ్చును. పద్ధతిని వంటవిధానమువలె అనుసరించినవారి చేతిలో అది రంగుల విందు మాత్రమైనది.

ఇచట ఒక ఆక్షేపణము రావచ్చును. ఈయన చిత్రములలో తెలుగుదనమేది? బతుకమ్మ లేదు, ఎడ్లబండి లేదు, ఊరి స్త్రీ లేదు. ఆయన పుట్టిన 1925లోనే సిద్ధిపేటలో పుట్టిన కాపు రాజయ్యగారు తెలంగాణపు పండుగలను, పల్లెబ్రతుకును నకాషీ సంప్రదాయపు ఛాయలతో చిత్రించిరి. కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠంగారు ఇచటి స్త్రీల బొట్టును, చీరను లోకమునకు చూపిరి. వారిని మనవారని గుర్తించుట మనకు సులభము. వస్తువును బట్టియే తెలుగుదనమును నిర్ణయింతుమేని కృష్ణారెడ్డిగారు పరాయివారే. కాని మేము భైంసానుండి కొంతదూరమే పోయి నిర్మలలో నిలిచి చూతము. అచటి నకాషీలు పొణికి కఱ్ఱ తేలికదనము నెఱిగి బొమ్మను చెక్కుదురు. చింతగింజల జిగురుతోను, ఱంపపు పొట్టుతోను అతుకులు కూర్తురు. ఏ పూత ఆఱిన తరువాత ఏ పూత పట్టునో చేతితో తెలిసికొందురు. వారి జ్ఞానమును మనము ఏనాడైన జ్ఞానమని పిలిచితిమా? 'హస్తకళ' యని పేరు పెట్టి, బొమ్మను అలమారలో నిలిపి, జ్ఞానమును పక్కకు నెట్టితిమి. చిత్తూరు పల్లెనుండి వెళ్లి పారిస్‌లో సిరాను పరిశీలించినవానికిని, నిర్మలలో జిగురు కాచినవానికిని చుట్టరికము వస్తువులో లేదు. పదార్థమును శ్రద్ధగా అడుగుటలో కలదు. ఆ చుట్టరికమును గుర్తింపని తెలుగుదనము చీర అంచువఱకే ఆగిపోవును. వైకుంఠంగారి ఎఱుపును గూర్చియైనను ఈ ప్రశ్నలు వేసినచో ఆయన చిత్రము మనకు నేడు కంటె లోతుగ తెలియునని మా నమ్మకము.

మన భాషలో శిల్పమను మాటకు చేతిపనియనియు, కావ్యరచనా నైపుణ్యమనియు రెండర్థములును కలవు. 'కథాశిల్పము' అని మనము నిత్యము వాడుచున్నాము. శిల్పశాస్త్రమని పూర్వులు వాడిన సమాసమున కళ, శాస్త్రము కలహింపక నిలిచినవి. మాటలో ఉన్న ఐక్యమును చదువులో మనము పోగొట్టుకొంటిమి. దానిని మరల సంపాదించుటకు తెలుగుశాఖలు చేయదగిన పని యొకటి కలదు. ముద్రణము, లోహము, వర్ణము, నేత, అద్దకము మొదలగు వృత్తులలో జనులు వాడు మాటలను సేకరించి, వానిని విమర్శ పరిభాషలో చేర్చుకొనవలెను. చిత్రము ఎదుటికి వచ్చినపుడు దేనిపై, దేనితో, ఏ క్రమమున అను మూడు ప్రశ్నలను వస్తువేమి యను ప్రశ్నకు ముందుగ అడుగవలెను. సమాధానము రసముతో ముడిపడినచో చెప్పవలెను. ముడిపడనిచో అదియు చెప్పవలెను.

చివరి బల్లనుండి లేచిన విద్యార్థిని గూర్చి చెప్పి ముగింతుము. ఆతడు చెప్పిన మాటను విని తరగతి నవ్వెను. అది నిజమని మేము చెప్పినపుడు ఆతడు మమ్ము నమ్మలేదు. వంటయింటి సంగతికిని, గోడమీది చిత్రమునకును, పరీక్షలో తాను విడిచిన భౌతికశాస్త్రపు పాఠమునకును ఒకే ధర్మము వర్తించునని ఆతని కెవరును ఇంతకుముందు చెప్పియుండలేదు. లెక్కలు రానందున తెలుగునకు వచ్చితినని అనుకొను ప్రతి విద్యార్థికిని మనము తీర్పవలసిన ఋణము ఇది. కృష్ణారెడ్డిగారి రేకులు ఆ ఋణమును గుర్తు చేయుచున్నవి. వానిని చదువ నేర్చుట కీర్తిశేషులైన కళాకారునికి నివాళి యగుటకంటె ముందుగా మన విమర్శకు మేలు చేయును. ఇందలి గుణదోషములను విజ్ఞులు పరిశీలింతురు గాక.